ఉభయకుశలోపరి



మా పిన్ని దగ్గర ఒక అట్టపెట్టె ఉండేది. అరచేయంత పెట్టె. మా చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాళ్ళు చెవిదుద్దులు, ఉంగరాలు పెట్టి అమ్ముతారే, ఆ రకం. లోపల గులాబీరంగు కాగితం, దాని మీద పలచగా దూది. పిన్ని అందులో నగలేవీ పెట్టుకోలేదు. ఉత్తరాల మీద నుంచి జాగ్రత్తగా కత్తిరించిన స్టాంపులు దాచుకుంది. ఆవిడ పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఈ ప్రసంగం రాసుకుందామని కూర్చున్నప్పుడు మళ్ళీ తెరిచి చూశాను.

నెహ్రూగారు 1964లో కాలం చేశాక తపాలాశాఖ ఆయన బొమ్మతో 15 పైసల స్టాంపు వేసింది. పెట్టెలో ఉన్నవన్నీ అవే. అయితే వీటి మీద అదనంగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. యు, ఎన్, ఇ, ఎఫ్. ఐక్యరాజ్యసమితి అత్యవసర దళం అని వాటి అర్థం. గాజాలో ఉన్న మన సిపాయిలు ఇళ్ళకు ఉత్తరాలు రాసుకోవడానికని 1965లో మన ప్రభుత్వం ఆ అక్షరాలు వేయించి పంపింది. మా బాబాయి ఆ దళంలో లారీ డ్రైవరు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసేవాడు. రొట్టెలపిండి, పప్పు, మంచినీళ్ళు, పెట్రోలు ఒక శిబిరం నుంచి మరో శిబిరానికి చేరవేయడం ఆయన పని.

ఆయన అక్కడ ఎవరితో యుద్ధం చేస్తున్నాడు? వీధిలో ఆడవాళ్ళు పిన్నిని ఈ మాటే అడిగేవాళ్ళు. "ఎవరితోనూ కాదు" అనేది పిన్ని. "మరి అంత దూరం ఎందుకు పంపినట్టమ్మా?" అనేవాళ్ళు. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ జవాబు గురించీ, ఆ జవాబు తెలియకుండానే ఎదురుచూసిన ఇళ్ళ గురించీ.

తటస్థుడు అంటే ఎవరు? తటం అంటే గట్టు. గట్టు మీద ఉన్నవాడు తటస్థుడు. ఏటిలో ఇద్దరు కొట్టుకుంటుంటే ఒడ్డున నిలబడి చూసేవాడన్నమాట. కృష్ణ రెండు పాయలుగా చీలి మధ్యలో దివిసీమను వదిలి సముద్రంలో కలిసే చోట పుట్టినవాళ్ళం మనం. గట్టంటే ఏమిటో, ప్రవాహమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. దేశాల మధ్య తగాదాల్లో కూడా చాలామంది తటస్థత అంటే ఇదే అనుకుంటారు. మనకు సంబంధం లేదు, మన తలుపు మనం వేసుకుందాం అని. అయితే స్వతంత్రం వచ్చాక మన దేశం పట్టిన దారి అది కాదు. ఏ కూటమిలోనూ చేరం అన్నాం. అన్నాక, కొట్టుకునే ఇద్దరి మధ్య నిలబడ్డానికి మనిషి కావాలంటే మేం పంపుతాం అని కూడా అన్నాం. గట్టు మీద నిలబడ్డది ఢిల్లీ. ఏట్లోకి దిగింది సిపాయి.

పరదేశంలో సిపాయి బతుకు కృష్ణా జిల్లాకు కొత్తదేమీ కాదు. జాతీయ జెండా పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే పింగళి వెంకయ్యగారిది ఇక్కడికి దగ్గరలోని భట్లపెనుమర్రు. యువకుడిగా ఆయన బ్రిటిష్ సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీగారితో పరిచయం అక్కడే. ఆ యుద్ధంలోనే గాంధీగారు తుపాకీ పట్టకుండా, గాయపడ్డవాళ్ళను డోలీల్లో మోసే భారతీయ దళాన్ని కూడగట్టారు. తర్వాత వెంకయ్యగారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు, 1921లో బెజవాడలో జెండా నమూనా గాంధీగారి చేతికిచ్చారు. ఆ కథ మీకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆనాడు మన ఊళ్ళ నుంచి సముద్రం దాటిన ప్రతి సిపాయీ ఎవరో ఒకరి పక్షాన వెళ్ళాడు. అది మన పక్షం కాకపోయినా సరే, ఒక పక్షమంటూ ఉంది. ఇంట్లో వాళ్ళకు శత్రువు ఎవరో తెలుసు. గెలిస్తే గెలిచామనీ, ఓడితే ఓడామనీ తెలుస్తుంది.

1953లో మొదటిసారి ఈ లెక్క మారింది. కొరియాలో మూడేళ్ళ యుద్ధం ఆగింది. ఇరుపక్షాల దగ్గరా బందీలున్నారు. వాళ్ళలో కొందరు సొంత దేశానికి తిరిగి పోమన్నారు. వాళ్ళను ఎవరు కాపలా కాయాలి? ఒక పక్షం వాడు కాస్తే రెండో పక్షం ఒప్పుకోదు. చివరికి మన దేశాన్ని అడిగారు. జనరల్ తిమ్మయ్యగారు తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు, మేజర్ జనరల్ థోరట్ మన కాపలా దళానికి అధిపతి. దాదాపు ఆరు వేల మంది మన సైనికులు వెళ్ళారు. వాళ్ళకు జరిగిన స్వాగతం వినండి. మీ సైనికులు మా నేల మీద అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ. అందుకని మన వాళ్ళను ఓడల మీద నుంచే హెలికాప్టర్లలో ఎత్తి, రెండు కొరియాల మధ్య సైన్యం లేని ప్రాంతంలో దించారు. ఆ శిబిరానికి మన వాళ్ళు హింద్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. బందీలు రాళ్ళు విసిరారు, తిట్టారు. తమ మీద పగబట్టిన వేలమంది బందీలను మన సిపాయిలు నెలల తరబడి కాశారు.

చివరికి ఏ కొరియాకూ, చైనాకూ పోమన్నవాళ్ళు 88 మంది మిగిలారు. 1954 ఫిబ్రవరిలో అస్టూరియస్ అనే ఓడలో వాళ్ళను మన వాళ్ళే వెంటబెట్టుకుని మద్రాసు తెచ్చారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఐదు నెలలన్నా నిండలేదు. మనవాళ్ళ బతుకులింకా సగం మద్రాసుతోనే ముడిపడి ఉన్నాయి. ఆ రేవులో, మన భాష ముక్క తెలియని 88 మంది మన సిపాయిల వెంట దిగారు. ఈ దృశ్యం మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఒక యుద్ధం గెలిచినదానికంటే ఇది చిన్న విషయమని నేను ఒప్పుకోను.

ఇక గాజా. 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీద ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ దాడి చేశాయి. ప్రపంచం వద్దంది. వాళ్ళు వెనక్కి తగ్గారు. ఈజిప్టు, ఇజ్రాయెల్ మళ్ళీ కొట్టుకోకుండా మధ్యలో నిలబడ్డానికి పది దేశాల సైనికులతో ఒక దళం ఏర్పడింది. బ్రెజిల్, కెనడా, స్వీడన్, నార్వే, యుగోస్లావియాలాంటి దేశాలతో పాటు మనం. ఈ రోజు ఐక్యరాజ్యసమితి సైనికుడంటే నీలి టోపీ గుర్తొస్తుంది. ఆ నీలిరంగు మొదట వాడింది ఈ దళంలోనే. కొత్త టోపీలు కుట్టించేంత వ్యవధి లేక, ఉన్న హెల్మెట్ల లోపలి చిప్పలకే నీలిరంగు పూసి పంపారు. ఒక్క గాజా సరిహద్దు వెంటే 59 కిలోమీటర్ల మేర కాపలా. ఒకదాన్నుంచి మరొకటి కనబడేలా 72 పహారా చోట్లు. పగలు అక్కడ కూర్చోవాలి, రాత్రి నడుస్తూ గస్తీ తిరగాలి. తనను కాపాడుకోవడానికి తప్ప తుపాకీ పేల్చకూడదు.

ఒక చిక్కు మాత్రం మొదటి నుంచీ ఉంది. ఆ దళం మా వైపు ఉండడానికి వీల్లేదంది ఇజ్రాయెల్. అందువల్ల వాళ్ళు ఈజిప్టు అధీనంలో ఉన్న వైపే ఉన్నారు. ఈజిప్టు సరే అన్నంతకాలమే ఉండగలరు. నడుమ గోడలా నిలబడ్డాం అనుకున్నాం కానీ, ఆ గోడ ఒకరి పెరట్లో ఉంది. వాళ్ళు తీసేయమంటే తీసేయాలి.

బాబాయి 1966 చివర్లో అక్కడికి వెళ్ళాడు. అంతకు ముందటేడు పాకిస్తాన్ యుద్ధంలో పంజాబు వైపు లారీ నడిపాడు. అప్పుడు మా వీధి ఎలా ఉందో నాకు బాగా గుర్తుంది. రోజుకొకరు పిన్ని దగ్గరికి వచ్చేవాళ్ళు. పాండురంగడి గుళ్ళో ఆయన పేరు మీద అర్చన చేయించి ప్రసాదం తెచ్చి ఇచ్చేవాళ్ళు. కిరాణా కొట్టాయన అరువు రాసుకోవడానికి కూడా మొహమాటపడేవాడు. మిలిట్రీ ఆయన భార్య అంటే ఊరికి ఆడపడుచు అయిపోయింది. గాజాకు వెళ్ళాక అదేమీ లేదు. పైగా "నీకేమమ్మా, విదేశాల్లో ఉన్నాడు, జీతం పైన అలవెన్సు" అనేవాళ్ళు. నెలనెలా ఫ్యామిలీ అలాట్‌మెంట్ మనియార్డరు వచ్చేది. పోస్టుమాన్ గుమ్మంలో నోట్లు లెక్కపెడుతుంటే పక్కింటి వాళ్ళు తొంగి చూసేవాళ్ళు.

బాబాయి ఉత్తరాలన్నీ ఒకే మాటతో మొదలయ్యేవి. ఉభయకుశలోపరి. మన పెద్దవాళ్ళంతా అలాగే రాసేవాళ్ళు. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమం, ఆపైన విషయమేమనగా, అని. ఆ ఒక్క మాట చదివాక పిన్ని ఉత్తరం మడిచి బొడ్డులో దోపుకునేది. మిగతాది రాత్రి దీపం దగ్గర చదువుకునేది.

1967 మే నెలలో మీ దళాన్ని వెనక్కి తీసుకోమంది ఈజిప్టు. సెక్రటరీ జనరల్ ఊథాంట్ ఒప్పుకున్నారు. సామాన్లు సర్దుకుంటూ, ఓడల కోసం చూస్తుండగానే జూన్ 5న యుద్ధం వచ్చిపడింది.

మా వీధి చివర కాఫీ హోటల్లో ఒక రేడియో ఉండేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకు అక్కడ జనం గుమిగూడేవాళ్ళు. ఎవరి విమానాలు ఎన్ని కూలాయి, ఎవరు ఎంత దూరం వచ్చారు అని వాదులాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళు హోటల్ దగ్గర నిలబడే రోజులు కావవి. పిన్ని నన్ను పంపింది. నాకప్పుడు పదేళ్ళు. "వెళ్ళి విను నాన్నా. గాజా అంటారేమో చూడు. పేర్లు చెబుతారేమో చూడు" అంది. నేను ఇడ్లీ పాత్ర పక్కన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. గాజా అన్నారు. భారత సైనికులు అన్నారు. మరణించారు అన్నారు. ఎవరో "అయ్యో, మనవాళ్ళక్కడ ఎందుకున్నారు?" అన్నారు. పేర్లు చెప్పలేదు.

ఇంటికి పరిగెత్తలేదు నేను. నడిచి వెళ్ళాను. పిన్ని అరుగు మీద నిలబడి ఉంది. "పేర్లు చెప్పలేదు పిన్నీ" అన్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ మిగతా మాట నా నోట రాలేదు. ఆవిడకు అర్థమైంది. లోపలికి వెళ్ళి పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది, తర్వాత మళ్ళీ వెనక్కి లాగింది.

ఆ యుద్ధంలో ఐక్యరాజ్యసమితి దళం వాళ్ళు 15 మంది చనిపోయారు. అందులో 14 మంది మనవాళ్ళు. మిగతా ఒక్కరు బ్రెజిల్ సైనికుడు. తెల్లరంగు వేసిన వాహనాల మీద, నీలిజెండా ఎగురుతున్న శిబిరాల మీద గుళ్ళు పడ్డాయి. ఇందిరాగాంధీగారు పార్లమెంటులో నిరసన తెలిపారు. ఆబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు అని మన సామెత. అయితే ఆ లేగదూడలు దారి తప్పి మధ్యలోకి పోలేదు. పదేళ్ళకు పైగా, కుమ్ముకోకుండా ఆపమని పంపితే వెళ్ళి నిలబడ్డాయి.

జూన్ 17 నాటికి దళం పూర్తిగా వెనక్కి వచ్చింది. మా ఇంటికి ఉత్తరం రావడానికి మాత్రం ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ పిన్ని ఏడవలేదు. ఏడిస్తే అశుభం. బొట్టు ఒకటికి రెండుసార్లు దిద్దుకునేది. పోస్టుమాన్ వచ్చే వేళకు చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూర్చునేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. ఒక రోజు పోస్టుమాన్ సైకిల్ దిగకుండానే దూరం నుంచి కవరు పైకెత్తి చూపించాడు. పిన్ని చేట కింద పెట్టడం కూడా మర్చిపోయి లేచింది. బియ్యం మెట్ల మీదంతా చిందాయి. కవరు విప్పి మొదటి మాట చూసింది. ఉభయకుశలోపరి. ఆ పూట మాత్రం ఏడిచింది.

ఆ రోజు నుంచి మా పిన్నికి ఒక అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ పది ఇన్‌లాండ్ లెటర్లు ఉండాలి. ఉప్పు, చింతపండు అయిపోయినా సరే, అవి అయిపోకూడదు. బీరువా పై అరలో, పసుపు డబ్బా పక్కన.

బాబాయి పదిహేనేళ్ళ సర్వీసు పూర్తి చేసుకుని 1972లో ఇంటికొచ్చాడు. తర్వాత ఒకసారి ఆయనతో పాటు నేను ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏదో సాయానికి దరఖాస్తు. అందులో 'పాల్గొన్న యుద్ధాలు' అని ఒక గడి ఉంది. 1965 అని రాశారు. గాజా సంగతి చెబితే కుర్చీలో ఉన్నాయన పెన్ను ఎత్తి ఆగాడు. "అది యుద్ధం కిందికి రాదండి. మనం ఎవరితోనూ యుద్ధం చేయలేదు కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మాటలో తప్పు కూడా లేదు. బాబాయి ఏమీ అనలేదు. బయటికొచ్చాక రిక్షా మాట్లాడుతూ "నిజమే కదరా" అన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. మన దేశం ఎవరితోనూ యుద్ధం చేయలేదన్న మాట నిలబెట్టడానికే కదా ఆయన అక్కడ గుళ్ళ కింద పడుకున్నది? అదే మాట ఆయన దరఖాస్తులో గడిని ఖాళీగా వదిలేసింది.

ఈ ఖాళీ గడి చాలా ఇళ్ళలో ఉంది. 1987 జూలైలో శ్రీలంకకు మన సైన్యం వెళ్ళినప్పుడు దాని పేరే శాంతి పరిరక్షక దళం. మద్రాసు రెజిమెంటులోనూ, మద్రాసు ఇంజనీర్ గ్రూపులోనూ మన తెలుగు కుర్రాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇంట్లో వాళ్ళు శాంతి అనే పేరు చూసి కాస్త గుండె దిటవు చేసుకున్నారు. అక్టోబరు వచ్చేసరికి అది పూర్తి యుద్ధమైపోయింది. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేనాటికి సుమారు 1,200 మంది పోయారు. రెండు పక్షాలకూ నచ్చజెప్పడానికి వెళ్ళినవాడు చివరికి రెండు పక్షాలకూ కానివాడయ్యాడు. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో శ్రీలంకలో పోయినవాళ్ళనూ, ఐక్యరాజ్యసమితి పనిమీద వెళ్ళి పోయినవాళ్ళనూ తలుచుకోవడం మంచి పని. ఆలస్యమైనా మంచి పనే.

ఇప్పటివరకు మన దేశం నుంచి రెండున్నర లక్షల మందికి పైగా ఈ నీలిటోపీ పెట్టుకున్నారు. దాదాపు 180 మంది తిరిగి రాలేదు. కాంగోలో, దక్షిణ సూడాన్‌లో, లెబనాన్‌లో ఈ పని నడుస్తూనే వచ్చింది. 2024 అక్టోబరులో లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి శిబిరాల మీద గుళ్ళు పడ్డాయన్న వార్త వచ్చినప్పుడు అక్కడ మనవాళ్ళు సుమారు 900 మంది ఉన్నారు. ఇప్పుడు ఉత్తరం కోసం ఇరవై రోజులు ఆగక్కర్లేదు, వాట్సాప్‌లో ముఖమే కనబడుతుంది అంటారు. నిజమే. కానీ ఫోన్ ఎత్తని రెండు గంటలు కూడా ఒక్కోసారి ఇరవై రోజులంత పొడుగవుతాయి.

ఇంకో రకం ఇళ్ళు కూడా ఉన్నాయి, వాటి మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఉక్రెయిన్ యుద్ధంలో మన దేశం ఏ పక్షమూ చేరలేదు. అయినా ఏజెంట్ల మాట నమ్మి, సహాయకుడి ఉద్యోగమనుకుని రష్యా వెళ్ళిన మన కుర్రాళ్ళు కొందరు యుద్ధరంగంలో తేలారు. హైదరాబాదు యువకుడొకడు అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. 2024 జూలైలో ప్రధాని మాస్కో వెళ్ళినప్పుడు మా వాళ్ళను విడిచిపెట్టమని అడగాల్సి వచ్చింది. దేశం తటస్థం. ఆ కుర్రాళ్ళ తల్లులకు మాత్రం తటస్థత ఎక్కడుంది?

నేను తటస్థత వద్దనడం లేదు. నడుమ నిలబడేవాడు లేకపోతే ఎన్ని ఊళ్ళు ఇంకా తగలబడేవో. నిలబెట్టండి. నిలబెట్టేటప్పుడు ఆ మనిషి ఇంటికి మాత్రం నిజం చెప్పండి. ఎక్కడికి పంపుతున్నారో, ఎందుకో, గుళ్ళు పడితే కబురు ఎవరు చెబుతారో చెప్పండి. హోటల్ రేడియో దగ్గరికి పదేళ్ళ పిల్లాణ్ణి పంపే గతి ఎవరికీ రాకూడదు.

చివరగా మళ్ళీ పిన్ని దగ్గరికి వస్తాను. 1977 నవంబరు 19. ఆ తేదీ వింటే ఇప్పటికీ ఈ ప్రాంతం వాళ్ళ ఒళ్ళు జలదరిస్తుంది. ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. వేలమంది పోయారు. బందరు మీదుగా దివికి మిలిట్రీ ట్రక్కులు వెళ్ళాయి. ఎక్కడి వాళ్ళో, పేరు తెలియని ఊళ్ళ కుర్రాళ్ళు, మన శవాలు ఎత్తారు. మన దారులు తెరిచారు. తిరుగు దారిలో ఒక జట్టు మా బడిలో రెండు రాత్రులు మకాం చేసింది. పిన్ని అన్నం వండించి తీసుకెళ్ళింది. బాబాయి వాళ్ళతో హిందీలో మాట్లాడుతున్నాడు. వాళ్ళు తిన్నారు గానీ, సగం సగమే తిన్నారు. చేతులు ఎంత కడుక్కున్నా వాసన పోవడం లేదని ఒకడు అన్నాడు.

పిన్ని ఇంటికి వెళ్ళి బీరువా పై అరలో నుంచి ఇన్‌లాండ్ లెటర్లు తెచ్చింది. పదీ తెచ్చింది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టి "ఇంటికి రాయండి" అంది. తెలుగులోనే అంది. వాళ్ళకు అర్థమైంది. కిటికీ గూటి మీద పెట్టుకుని కొందరు, మోకాలి మీద పెట్టుకుని కొందరు రాయడం మొదలెట్టారు. ఒక కుర్రాడు మాత్రం కాగితం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. వాడికి రాయడం సరిగ్గా రాదట. బాబాయి పెన్ను తీసుకుని పక్కన కూర్చున్నాడు. మొదట ఏం రాయమంటావు అని అడిగాడు. వాడు బయటి చీకటి వైపు చూశాడు గానీ, ఏమీ చెప్పలేదు.

పిన్నే చెప్పింది. ఉభయకుశలోపరి అని రాయండి.

దాన్ని హిందీలో ఏమంటారో బాబాయికి తోచలేదు. ఆ మాటనే హిందీ అక్షరాల్లో రాసి, కింద గీత గీసి, ఇక చెప్పమన్నట్టు ఆ కుర్రాడి వైపు తిరిగాడు.